నేలవేము – క్యాన్సర్ కణాలు: సినాప్సిస్ రాసే ముందు ఏం చూసుకోవాలి?

చేదుమాత్ర
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లోనే ఒక యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీలో ఈ ఏడాదే చేరాను. మా గైడ్ గారు నేలవేము మీద పని చేయమన్నారు. ఆకు ఎండబెట్టి, మిథనాల్‌లో సారం తీసి, ఎంసీఎఫ్-7 (రొమ్ము క్యాన్సర్), హీలా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్) కణాల మీద వేసి, ఎంటీటీ (కణాలు ఎన్ని బతికున్నాయో రంగుతో చూసే పరీక్ష) చేసి ఐసీ50 చూపించాలి. ఐసీ50 అంటే తెలియనివాళ్ల కోసం: కణాల్ని సగానికి తగ్గించే మోతాదు. అది బాగా వస్తే సారాన్ని విడగొట్టుకుంటూ పోయి అసలు ఏ పదార్థం చంపుతోందో తేల్చాలి. వచ్చే నెల సినాప్సిస్, అంటే ఏం పరిశోధన చేస్తానో చెప్పే ప్రణాళిక, ఇవ్వాలి.

మా సీనియర్లు ఇలాంటి పనే వేరే మొక్కల మీద చేశారు. థీసిస్‌లు అయిపోయాయి, పేపర్లూ వచ్చాయి. తర్వాత ఆ మొక్కల సంగతి ఏమైందని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. నాదీ అంతేనేమోనని టెన్షన్. ల్యాబ్‌లో ఇంక్యుబేటర్ ఉంది, ప్లేట్ రీడర్ ఉంది. హెచ్‌పీఎల్‌సీకి (సారంలో ఏ పదార్థం ఎంతుందో కొలిచే యంత్రం) మాత్రం పక్క డిపార్ట్‌మెంట్‌ను బతిమాలుకోవాలి. ఈ లైన్‌లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

తార్నాక తాత
అమ్మాయ్, ముందు ఒక సంగతి. నువ్వు వెతకబోయే పదార్థం పేరు ఆండ్రోగ్రాఫోలైడ్. దాన్ని నేలవేము నుంచి 1911లోనే వేరు చేశారు. ఆ మొక్క చేదంతా ప్రధానంగా అదే. మిథనాల్ నుంచి ఎంత చక్కగా స్ఫటికాలు కడుతుందంటే, మా రోజుల్లో కొత్తగా చేరిన పిల్లలకు చేయి తిరగడానికి ఇచ్చేవాళ్లం.

ఇక అది క్యాన్సర్ కణాల మీద పనిచేస్తుందా అన్న ప్రశ్న. దానికీ మన ఊళ్లోనే జవాబు వచ్చింది, ఇరవై ఏళ్లు దాటింది. డాక్టర్ రెడ్డీస్ వాళ్ల పరిశోధన విభాగం 2003, 2004లో దీని మీద పేపర్లు వేసింది. రకరకాల క్యాన్సర్ కణాల మీద వేసి చూశారు, కణ విభజన జీ0/జీ1 దశలో, అంటే డీఎన్ఏ తయారవడానికి ముందే, ఆగిపోతోందని చెప్పారు, విభజనను ఆపే పీ27 ప్రొటీన్ పెరిగి, నడిపే సీడీకే4 తగ్గడం చూపించారు. అక్కడితో ఆగకుండా అణువును కాస్త మార్చి డీఆర్ఎఫ్ 3188 అనే ఉత్పన్నం చేసి, నువ్వు చెప్పిన ఆ ఎంసీఎఫ్-7 కణాల మీదే పరీక్షించారు.

కాబట్టి "నేలవేము సారం ఎంసీఎఫ్-7 కణాల్ని చంపుతుంది" అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతావు. చంపుతుందమ్మా, తెలుసు. నీ ప్రశ్న ఏమిటి?

చేదుమాత్ర
తాతగారూ, ఆ పరిశోధన జరిగిన మియాపూర్ పక్కనే హాస్టల్‌లో ఉంటూ ఈ సంగతి ఇక్కడ తెలుసుకోవడం నవ్వొస్తోంది. 2004 పేపర్ ఇప్పుడే తెరిచాను. అయితే టాపిక్కే మార్చుకోమంటారా?

ప్రకృతిబాట
మన పూర్వీకులు ఎప్పుడో చెప్పినవి ఇప్పుడు ప్లేట్లలో వేసి కనిపెట్టడం ఏమిటండీ. నేలవేము కంటే లక్ష్మణ ఫలం మీద చేయమ్మా. కీమో కన్నా 10,000 రెట్లు శక్తి ఉందని అమెరికా యూనివర్సిటీయే తేల్చింది. కంపెనీలు తొక్కిపెట్టాయి. నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది.

ప్లేట్ రీడర్
నాలుగు గ్రూపుల్లో వచ్చేది ఒకే మెసేజ్ సార్. దాని వెనక నిజంగానే ఒక పేపర్ ఉంది, అది ఏం చెప్పిందో చూద్దాం.

1996లో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు లక్ష్మణ ఫలం గింజల నుంచి తీసిన ఒక పదార్థాన్ని హెచ్‌టీ-29 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద వేశారు. ఆ ఒక్క రకం కణాల మీద, ఆ డిష్‌లో, అది అడ్రియామైసిన్ అనే కీమో మందు కన్నా 10,000 రెట్లు తక్కువ మోతాదులో పనిచేసింది. పండు కాదు, ఆకు టీ కాదు, మనిషి కాదు. ఎవరూ తొక్కిపెట్టలేదు, జర్నల్‌లో అచ్చేశారు.

అది ఎందుకంత బలంగా చంపుతుందో కూడా తెలుసు. ఈ జాతి పదార్థాల్ని అసిటోజెనిన్లు అంటారు. మన సీతాఫలం గింజల్లోనూ ఉంటాయి, అందుకే ఆ గింజల పొడి పేలకు రాసేవాళ్లు, కంట్లో పడితే ప్రమాదమని పెద్దవాళ్లు తిట్టేవాళ్లు. ఇవి కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో కాంప్లెక్స్ 1 అనే ఎంజైమును మూసేస్తాయి, కణానికి శక్తి అందదు. క్యాన్సర్ కణానికే కాదు, మెదడు కణానికి కూడా మైటోకాండ్రియా ఉంటుంది. కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో మామూలు మందులకు లొంగని పార్కిన్సన్ లాంటి జబ్బు ఎక్కువగా ఎందుకుందని వెతికితే, ఈ జాతి పళ్లు, ఆకు టీ అలవాటుతో సంబంధం కనబడిందని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

చేదుమాత్రా, నువ్వు ఇందులోంచి తీసుకోవాల్సింది ఒకటుంది: ఐసీ50 ఎంత చిన్నదైతే అంత మంచి మందు అనుకోకు. మామూలు కణాల ఐసీ50 పక్కన పెట్టకుండా ఆ అంకెకు అర్థం లేదు.

బండ్లగూడ బాటనీ
కెమిస్టులు, బయోకెమిస్టులు తగువు పడే ముందు మొక్క దగ్గరికి రండి. ఆకు ఎక్కడ కొంటున్నావమ్మా? బేగంబజార్‌లోనా?

అడగడానికి కారణం ఉంది. మూలికల అంగడిలో "చిరాయతా" అంటే ఒకచోట హిమాలయాల స్వెర్షియా ఇస్తారు, ఇంకోచోట నేలవేము ఇస్తారు. స్వెర్షియా ఖరీదైనది కాబట్టి దాని బదులు నేలవేము అంటగట్టడం పాత వ్యాపారం. రెండూ చేదే. రెండూ ఎండి నలిగాక చూపుతో పోల్చుకోవడం కష్టం. కొన్నదాంట్లో ఆకెంత, పుల్లెంత అన్నది ఇంకో తంటా. ఆండ్రోగ్రాఫోలైడ్ ఆకుల్లో ఎక్కువ, కాండంలో తక్కువ.

మొక్కను నువ్వే కోసుకో. పువ్వుతో ఉన్న కొమ్మను ప్రెస్ చేసి హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు) ఇచ్చి, నంబర్ తీసుకుని థీసిస్‌లో రాయి. ఉస్మానియా బాటనీ విభాగంలో హెర్బేరియం ఉంది, బొటానికల్ సర్వే వారి దక్కన్ ప్రాంతీయ కేంద్రమూ ఊళ్లోనే ఉంది. "స్థానిక మార్కెట్‌లో సేకరించాం" అని ఒక్క వాక్యం రాసి వదిలేసిన పేపర్లు నా దగ్గరికి రివ్యూకి వస్తే నేను రెండో పేజీకి వెళ్లను.

ప్లేట్ రీడర్
ఇప్పుడు ఎంటీటీ సంగతి. నేను జీనోమ్ వ్యాలీలో ఒక కాంట్రాక్ట్ ల్యాబ్‌లో రోజూ చేసే పని ఇదే, కాస్త పొడవుగా రాస్తాను.

ఎంటీటీ పసుపు రంగు పొడి. బతికున్న కణం దాన్ని ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుస్తుంది. దాన్ని కరిగించి 570 నానోమీటర్ల దగ్గర చదువుతాం. 1983 నుంచి ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి, చవక, తేలిక. కానీ అది కొలిచేది చావును కాదు, కణం లోపలి ఎంజైముల పనిని. కణం చావకుండా మందగించినా రంగు తగ్గుతుంది.

మొక్కల సారంతో ఇంకో చిక్కు. పాలీఫినాల్స్ లాంటివి కణాలే లేకపోయినా ఎంటీటీని ఊదాగా మార్చేస్తాయి. అప్పుడు కణాలు చచ్చినా ప్లేట్ "బతికే ఉన్నాయి" అంటుంది. కాబట్టి కణాలు లేని బావుల్లో (ప్లేట్‌లోని చిన్న గుంటలు) అన్ని మోతాదుల సారం, మీడియం (కణాలు పెరిగే ద్రవం), ఎంటీటీ వేసి చూడాలి. ఇది వేయని ల్యాబులు నాకు చాలా తెలుసు. రెండో పద్ధతి కూడా పెట్టుకో, ఎస్ఆర్‌బీ అయితే ప్రొటీన్‌ను కొలుస్తుంది కాబట్టి ఈ గొడవ తక్కువ. చావేనా అని తేల్చడానికి అనెక్సిన్-పీఐ రంగులు వేసి ఫ్లో సైటోమెట్రీ, అంటే కణాల్ని ఒక్కొక్కటిగా చూసే యంత్రం.

సారాన్ని కరిగించే డీఎమ్ఎస్ఓ అన్ని బావుల్లోనూ ఒకే శాతం ఉండాలి, 0.1 దగ్గర ఉంచు, 0.5 దాటనివ్వకు. మోతాదు పెంచుతూ డీఎమ్ఎస్ఓ కూడా పెంచుకుంటూ పోతే నువ్వు డీఎమ్ఎస్ఓ ఐసీ50 కొలుస్తున్నట్టు. ప్లేట్ అంచు బావులు ఎండిపోతాయి, వాటిలో ఉత్త బఫర్ పోసి వదిలెయ్. పోలికకు డాక్సోరుబిసిన్ లాంటి తెలిసిన మందు ప్రతి ప్లేట్‌లోనూ ఉండాలి.

కణాలు పక్క ల్యాబ్ ఫ్రిజ్‌లోంచి తెచ్చుకోకు. పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం (ఎన్‌సీసీఎస్) నుంచి తెప్పించు, ఎస్‌టీఆర్ ప్రొఫైల్, అంటే కణాల డీఎన్ఏ గుర్తింపు, చూసుకో. హీలా కణాలు 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే ఆవిడ నుంచి ఆమెకు చెప్పకుండా తీసుకున్నవి. అవి ఎంత మొండివంటే వేరే ల్యాబుల కల్చర్లలోకి దూరి వాటిని మింగేశాయి. ఎండీఏ-ఎంబీ-435ను ఏళ్ల తరబడి రొమ్ము క్యాన్సర్ కణాలని వాడారు, తీరా చూస్తే మెలనోమా. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి కోసం టెస్ట్ కూడా నెలకోసారి. మైక్రోస్కోప్‌లో కనబడదు, కర్వ్ మాత్రం పాడుచేస్తుంది. వానాకాలం కదా, ఫంగస్ గురించి నేను చెప్పక్కర్లేదు, అదే వచ్చి పలకరిస్తుంది.

"మామూలు కణాలు" అని హెచ్ఈకే293 వాడతారు చాలామంది. అవి అడినోవైరస్ జన్యువులతో మార్చినవి, ఏ లెక్కన మామూలు? ఎంసీఎఫ్-10ఏ అనే క్యాన్సర్ కాని రొమ్ము కణాలు గానీ, దాతల రక్తం నుంచి తీసిన తెల్లకణాలు గానీ నయం.

తార్నాక తాత
ప్లేట్ రీడర్ గారు బాగా చెప్పారు. ఒకటి కలుపుతాను. ఆకును నేరుగా మిథనాల్‌లో వేస్తే క్లోరోఫిల్ అంతా దిగి సారం పచ్చగా, జిగురుగా వస్తుంది. ఆ పచ్చదనం కూడా మీ రీడింగును చెడగొడుతుంది. ముందు హెక్సేన్‌తో కడిగితే కొంత పోతుంది.

కాచిగూడ వైద్యుడు
నమస్కారం. ఆయుర్వేదం ప్రాక్టీస్ చేస్తున్నాను. ఈ చర్చ మొదటి నుంచీ చదువుతూ ఒక్క మాట కోసం చూశాను, ఎవరూ అనలేదు. మీరు పరీక్షించేది నా దగ్గరికి వచ్చిన రోగి తాగేది కాదు.

కషాయానికి మా పద్ధతి ఒకటుంది. ఒక పాలు మందుకు పదహారు పాళ్ల నీళ్లు పోసి, ఎనిమిదో వంతు మిగిలేదాకా మరిగించాలి. దాంట్లో మిథనాల్ లేదు, హెక్సేన్ లేదు, డీఎమ్ఎస్ఓ లేదు. సాల్వెంట్‌లో లాగిన సారానికి "సంప్రదాయ ఔషధం" అని పేరు పెట్టి, పని చేయకపోతే సంప్రదాయాన్ని, పనిచేస్తే అణువును మెచ్చుకుంటారు.

ఇంకొకటి మా వాళ్లకు. నేలవేమును భూనింబమని మేం వాడేది జ్వరానికి, కాలేయానికి, క్రిములకు. సుశ్రుతంలో అర్బుదం, అంటే కణితి, గురించి ఉంది, నిజమే. కానీ "నేలవేము క్యాన్సర్‌కు మన ప్రాచీన ఔషధం" అని నేను చదువుకున్న చదువులో ఎవరూ నేర్పలేదు. ప్రకృతిబాట గారు ఏ పూర్వీకుల గురించి అంటున్నారో నాకు తెలియదు.

ప్రకృతిబాట
డాక్టర్ గారూ, మీరే ఇలా అంటే ఎలా. చెట్ల నుంచి క్యాన్సర్ మందు రాలేదా? బిళ్ల గన్నేరు సంగతేమిటి?

ఫార్మా గుమస్తా
వచ్చింది సార్. ఎలా వచ్చిందో చూడండి.

బిళ్ల గన్నేరు ఆకును జనం వాడింది షుగర్‌కు. మన దగ్గరా అంతే, జమైకాలోనూ అంతే. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అదే నిజమా అని ఎలుకల మీద చూశారు. నోటితో ఇస్తే షుగర్ ఏమీ తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో చచ్చిపోయాయి. ఎందుకంటే వాటి తెల్లకణాలు పడిపోయాయి, ఎముక మజ్జ దెబ్బతింది. తెల్లకణాల్ని తగ్గించేది ల్యుకేమియాకు (రక్త క్యాన్సర్) పనికొస్తుందేమో అని ఆలోచించడం వాళ్ల గొప్పతనం. విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అలా వచ్చాయి. ఈ రోజుకీ పిల్లల ల్యుకేమియాకు విన్‌క్రిస్టిన్ ఇస్తున్నారు. సంప్రదాయం చెప్పింది షుగర్, దొరికింది క్యాన్సర్ మందు. పైగా ఒక గ్రాము మందుకు వందల కిలోల ఎండుటాకు కావాలి. పెరట్లో ఉన్న మొక్క ఆకు నమిలితే కీమో అయిపోదు.

టాక్సాల్ అనే క్యాన్సర్ మందు కథ చూడండి. పసిఫిక్ యూ చెట్టు బెరడు కోసింది 1962లో. మన్‌సుఖ్ వాని, మన్రో వాల్ దాని నిర్మాణం ప్రచురించింది 1971లో. కణంలో అది చేసేదేమిటో సూసన్ హార్విట్జ్ చెప్పింది 1979లో. అమెరికాలో అనుమతి 1992 చివర్లో. ముప్పై ఏళ్లు. నీళ్లలో కరగదని చివరికి ఆముదం నుంచి చేసిన ద్రావణిలో కలిపి ఇచ్చారు, ఆ ద్రావణికే కొందరికి అలర్జీలు.

క్యాంప్టోథెసిన్ అనే ఇంకో మొక్క పదార్థం కథ ఇంకా ఘోరం. 1966లో దొరికింది, కణాల మీద, ఎలుకల మీద అద్భుతం. కరగడం కోసం సోడియం లవణంగా మార్చి మనుషులకిస్తే మూత్రాశయం దెబ్బతిని ట్రయల్స్ ఆపేశారు. అణువును సరిచేసి టోపోటెకాన్, ఐరినోటెకాన్‌గా తెచ్చేసరికి 1996. ఇవి గెలిచిన కథలు. ఓడినవాటికి ఎవరూ మెసేజ్‌లు పంపరు.

తార్నాక తాత
ఎవరో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరెత్తుతారని చూస్తున్నా, నేనే ఎత్తుతాను. భీమవరంలో పుట్టిన మనిషి. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసి, దానికి ఎదురు తిరిగే అమినోప్టెరిన్ చేసి ఇస్తే, సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల ల్యుకేమియాలో దాని ఫలితం చూపించాడు. మొక్క మందు కాదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను. కానీ ఆయన దారిలో ఒకటుంది: ముందు కణానికి ఏది అవసరమో తెలుసుకుని, తర్వాత దాన్ని అడ్డుకున్నారు. ఎదురైన ప్రతి ఆకునీ ప్లేట్‌లో పోసి చూడటం దానికి తలకిందుల దారి. రెండు దార్లూ పనిచేశాయి, రెండోదానికి అదృష్టం ఎక్కువ కావాలి.

ఇక అమ్మాయ్, అసలు లెక్క చేద్దాం. కాగితం తీసుకో.

నీ ముడి సారానికి ఐసీ50 మిల్లీలీటరుకు 40 మైక్రోగ్రాములు వచ్చిందనుకో. ఇది ఊరికే అనుకున్న అంకె. ముడి సారానికి 20 లోపు ఉంటేనే ముందుకు తీసుకెళ్లదగ్గదని అందరూ అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పేరు చెప్పి రాస్తుంటారు, వందలు దాటినా "శక్తిమంతం" అని రాసేవాళ్లూ ఉన్నారు. సరే, 40. మనిషి ఒంట్లో 5 లీటర్ల రక్తం. ఆ మోతాదు రక్తంలో ఉండాలంటే 200 మిల్లీగ్రాముల సారం రక్తంలోనే, ఒకేసారి, కరిగి ఉండాలి. పేగు దాటనిది, కాలేయం విరిచేసేది, కండలోకి పోయేది లెక్కలో లేదు. ఒంట్లోని నీళ్లంతటికీ, అంటే 40 లీటర్ల చిల్లరకు లెక్కేస్తే గ్రామున్నర దాటుతుంది.

ఇప్పుడు శుద్ధ పదార్థం. ఆండ్రోగ్రాఫోలైడ్ అణుభారం 350. అంటే 1 మైక్రోమోలార్ అంటే మిల్లీలీటరుకు 0.35 మైక్రోగ్రాము. 2000లో అచ్చయిన ఒక అధ్యయనంలో మనుషులకు 20 మిల్లీగ్రాముల ఆండ్రోగ్రాఫోలైడ్ ఉన్న మాత్రలిచ్చి రక్తం తీస్తే, గంటన్నర, రెండు గంటలకు గరిష్ఠంగా మిల్లీలీటరుకు 393 నానోగ్రాములు కనబడింది. సుమారు 1.1 మైక్రోమోలార్. కణాల పేపర్లలో మోతాదులు చూడు, చాలావాటిలో పది, ఇరవై, యాభై మైక్రోమోలార్. ఆ ఖాళీని ఎలా పూడ్చాలన్నదే అసలు సమస్య.

మోతాదు పెంచితే సరిపోదా అంటావేమో. అదే ఏడాది అచ్చయిన ఇంకో పేపర్ చూడు: హెచ్ఐవీ రోగులకు, ఆరోగ్యవంతులకు కిలోకు 5 నుంచి 20 మిల్లీగ్రాముల దాకా ఇవ్వాలని అమెరికాలో ఒక మొదటి దశ ట్రయల్ పెట్టుకున్నారు. దుష్ఫలితాల వల్ల ఆరు వారాలకే ఆపేశారు, ఒకరికి తీవ్రమైన అలర్జీ వచ్చింది.

ప్లేట్ రీడర్
దీనికి తోడు ఆ అణువు ప్రొటీన్లలోని సిస్టీన్‌లకు అతుక్కునే రకం. వాపును నడిపే ఎన్ఎఫ్-కప్పా-బీ ప్రొటీన్‌ను అడ్డుకునేది అలాగే. కణం తన రక్షణకు వాడే గ్లూటాథయోన్‌తోనూ అతుక్కుంటుంది. మీడియంలో కణాలకు మేతగా సీరం ఎంత వేశావు, ఎన్ని గంటలు ఉంచావు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. 24 గంటల ఐసీ50ని ఎవరిదో 72 గంటల ఐసీ50తో పోల్చకు.

నల్గొండ బిడ్డ
నేను సైన్స్ మనిషిని కాదు. వెతుకుతుంటే ఈ చర్చ కనబడింది. మా నాయనకు పెద్దపేగు క్యాన్సర్, ఆపరేషన్ అయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో చూపిస్తున్నాం, కాపెసిటాబిన్ అనే కీమో మాత్రలు వాడుతున్నాడు. మా బంధువులెవరో వీడియో చూపించారని రోజూ పొద్దున నేలవేము కషాయం తాగుతున్నాడు. డాక్టర్‌కు చెప్పలేదు, చెబితే తిడతారని భయం. "చెట్టు మందే కదా, ఏమైతది" అంటుంది మా అమ్మ. కణాలు చస్తాయని మీరంతా అంటున్నారు కదా, అంటే మంచిదేనా? దయచేసి సూటిగా చెప్పండి.

కాచిగూడ వైద్యుడు
తమ్ముడూ, సూటిగానే చెబుతాను. ఇవాళే ఆపించండి. మళ్లీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు కాదు, ఇవాళే వాళ్లకు ఫోన్ చేసి కషాయం సంగతి చెప్పండి. కొన్న ప్యాకెట్ ఉంటే దాన్ని పారేయకుండా తీసుకెళ్లి చూపించండి.

ఎందుకంటే, కీమోలో ఉన్నప్పుడు ప్రతిసారీ రక్తపరీక్ష చూసి మోతాదు నిర్ణయిస్తారు. కాలేయం అంకెలు పెరిగితే అది మాత్ర వల్లనా, కషాయం వల్లనా అని వాళ్లకు తెలియాలి. తెలియకపోతే మంచి మందును అనవసరంగా తగ్గిస్తారు. నేలవేముకు బీపీని, షుగర్‌ను తగ్గించే గుణం కూడా ఉంది, ఆయన వాటికి మాత్రలు వాడుతుంటే అది ఇంకో లెక్క. నేను ఆయుర్వేద వైద్యుణ్ణి, అయినా కీమోలో ఉన్న రోగికి వాళ్ల డాక్టర్‌తో మాట్లాడకుండా ఏదీ ఇవ్వను. అమ్మగారికి నా మాటగా చెప్పండి: చెట్టు మందు కాబట్టే జాగ్రత్త, పనిచేసేది ఏదైనా పనిచేస్తుంది.

ఫార్మా గుమస్తా
మూలికలు క్యాన్సర్ మందుల్ని కదిలిస్తాయన్నది ఊహ కాదు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే యూరప్ మూలిక వాడినవాళ్లలో ఐరినోటెకాన్ నుంచి వచ్చే అసలు పనిచేసే పదార్థం రక్తంలో 42 శాతం తగ్గిందని 2002లోనే చూపించారు. మందు ఇచ్చారు, ఒంట్లో ఉండాల్సినంత లేదు. రోగికి తెలియదు, డాక్టర్‌కీ తెలియదు.

ఆ వీడియో సంగతి: క్యాన్సర్‌ను నయం చేస్తుందని ఏ మందుకైనా ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం ప్రకారం నేరం. అల్లోపతి, ఆయుర్వేదం అని తేడా లేదు. వీడియోలో చివర ఫోన్ నంబర్ ఇచ్చి పొడి అమ్ముతున్నారంటే ఫిర్యాదు చేయొచ్చు.

నిర్వాహకుడు
వ్యక్తిగత వైద్య సలహా, మోతాదులు ఇక్కడ రాయొద్దు. కాచిగూడ వైద్యుడు గారి జవాబును ఉంచుతున్నాను, ఎందుకంటే అది "మీ డాక్టర్‌కు చెప్పండి" అన్న మాటే. కింద పొడి అమ్ముతామంటూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాను.

నల్గొండ బిడ్డ
ఫోన్ చేశాను. నర్సమ్మ తిట్టలేదు, రాసుకుంది. గురువారం రక్తపరీక్షకు రమ్మన్నారు. ప్యాకెట్ పట్టుకెళ్తున్నాను. అందరికీ దండాలు.

చేదుమాత్ర
రాత్రంతా ఇదే ఆలోచించాను. ప్రశ్న మార్చి రాశాను, మా గైడ్ గారికి చూపించే ముందు మీకు చూపిస్తున్నాను. తిట్టండి.

"చంపుతుందా" అని కాదు. ఒకటి, కాచిగూడ డాక్టర్ గారు చెప్పిన పద్ధతిలో కషాయం కాస్తే నీళ్లలోకి ఆండ్రోగ్రాఫోలైడ్, దాని తోటి డైటర్పీన్లు (అదే కుటుంబపు పదార్థాలు) ఎంతెంత దిగుతాయి. రెండు, రక్తంలో నిజంగా చేరగల మోతాదులో, అంటే 1 మైక్రోమోలార్ చుట్టుపక్కల, పెద్దపేగు క్యాన్సర్ కణాలకు ఏమవుతుంది. మూడు, అదే మోతాదులో కాపెసిటాబిన్‌తో కలిపితే దాని పని పెరుగుతుందా, తగ్గుతుందా. ఎంసీఎఫ్-7, హీలా తీసేసి పెద్దపేగు క్యాన్సర్ కణాలైన హెచ్‌టీ-29, హెచ్‌సీటీ-116 పెట్టుకుంటాను.

ప్లేట్ రీడర్
తిట్టడానికి పెద్దగా ఏమీ లేదు, మూడోదాంట్లో ఒకటి తప్ప. కాపెసిటాబిన్‌ను ప్లేట్‌లో వేస్తే ఏమీ జరగదు. అది కాలేయంలోనూ, ఆ తర్వాత కణజాలంలోనూ ఎంజైముల చేతిలో మారి 5-ఫ్లోరోయురాసిల్ (5-ఎఫ్‌యూ) అయ్యాకే పనిచేస్తుంది. నువ్వు నేరుగా 5-ఎఫ్‌యూ వేయాలి.

కానీ మూడో ప్రశ్న నిజంగా పదునైనది. తాతగారు చెప్పిన 2003 పేపర్ గుర్తుందా, ఆండ్రోగ్రాఫోలైడ్ కణాల్ని జీ0/జీ1లో ఆపేస్తుంది. 5-ఎఫ్‌యూ బాగా దెబ్బకొట్టేది డీఎన్ఏ తయారయ్యే ఎస్ దశలో. కణాన్ని ఎస్ దశకు పోకుండా ముందే ఆపేస్తే 5-ఎఫ్‌యూ నుంచి దాన్ని కాపాడినట్టే కావచ్చు! కాలేయ క్యాన్సర్ కణాల మీద రెండూ కలిపితే బలం పెరిగిందన్న పేపర్ కూడా ఉంది, కాబట్టి ముందే తీర్పు చెప్పలేం. ముందు నేలవేము తర్వాత 5-ఎఫ్‌యూ, ముందు 5-ఎఫ్‌యూ తర్వాత నేలవేము, రెండూ కలిపి, మూడు వరసలూ చూడు. చౌ-తలాలే పద్ధతిలో కాంబినేషన్ ఇండెక్స్ లెక్కగట్టు. 1 కంటే తక్కువైతే తోడ్పాటు, ఎక్కువైతే విరోధం. విరోధం వచ్చినా దాచుకోకు, అదే ఎక్కువ పనికొచ్చే పేపర్.

ప్రకృతిబాట
అంటే కషాయం కీమోను చెడగొట్టవచ్చు అంటున్నారా?

ప్లేట్ రీడర్
చెడగొట్టవచ్చు, సాయం చేయవచ్చు, ఏమీ చేయకపోవచ్చు. ఈ అమ్మాయి ప్లేట్ కూడా మనిషి సంగతి తేల్చదు, ఎలుకల మీద చూడాలా వద్దా అన్నది మాత్రం చెబుతుంది.

కాచిగూడ వైద్యుడు
కషాయం కాయడానికి స్టీలు గిన్నె, సన్నని మంట, మూత పెట్టకుండా. మూడు వేర్వేరు రోజుల్లో మూడు సార్లు కాచి, మూడింట్లోనూ ఆండ్రోగ్రాఫోలైడ్ కొలవండి. ఎంత తేడా వస్తుందో చూడాలని నాకూ ఉంది. మా పుస్తకాల్లో మంట గురించి ఉంది గానీ మైక్రోగ్రాముల గురించి లేదు. ఫలితం నాకూ పంపండి.

తార్నాక తాత
హెచ్‌పీఎల్‌సీ కోసం నెల రోజులు ఎవరి గుమ్మం దగ్గరా నిలబడకు. ముందు టీఎల్‌సీ ప్లేట్లు (పలచని పూత మీద పదార్థాల్ని విడగొట్టేవి) చాలు. శుద్ధ ఆండ్రోగ్రాఫోలైడ్ పక్కన నీ కషాయం చుక్క పెట్టి, క్లోరోఫాం-మిథనాల్‌లో నడిపి, కెడ్డే రియేజెంట్ చల్లు. లాక్టోన్ (ఆండ్రోగ్రాఫోలైడ్ ఆ రకమే) ఉన్నచోట రంగు వస్తుంది. అది కనబడ్డాకే యంత్రం దగ్గరికి వెళ్లు, 225 నానోమీటర్ల చుట్టుపక్కల పెట్టి చూడమను. సారాన్ని వేడిలోనూ వెలుతురులోనూ ఉంచకు, ఆ అణువు నెమ్మదిగా నీటిని పోగొట్టుకుని ఇంకొకటవుతుంది.

చేదుమాత్ర
గైడ్ గారు ఒప్పుకున్నారు! "5-ఎఫ్‌యూ ఖర్చు ఎవరిస్తారు" అని మాత్రం అడిగారు. సీరం బాటిల్ ఖర్చు ముందు అదెంత అన్నాను, నవ్వారు. బాటనీ గారూ, మొక్క ఎక్కడ కోసుకోవాలి?

బండ్లగూడ బాటనీ
మా కాలేజీ తోటలో ఒక మడి ఉంది. ఇప్పుడే మొగ్గ వేస్తోంది, ఆకులో సరుకు బాగా ఉండే సమయం ఇదే. పూత పూర్తిగా వచ్చి కాయ కట్టాక కోస్తే తగ్గుతుంది. ఆదివారం పొద్దున, వాన లేకపోతే రా. వేర్లతో పీకొద్దు, నేలకు నాలుగు వేళ్ల ఎత్తున కత్తిరిద్దాం. నీడలో ఆరబెట్టడానికి పాత పేపర్లు తెచ్చుకో. హెర్బేరియానికి మాత్రం పూత వచ్చాక పువ్వున్న కొమ్మలు రెండు విడిగా తీద్దాం, ఒకటి మీ డిపార్ట్‌మెంట్‌లో ఉంచు.